ఏడున్నర దాటితే ఎవరూ కదలకూడదు

ఆకాశాన్ని ఫొటో తీస్తానని వచ్చిన మనిషి, తలెత్తి ఒక్కసారైనా ఆకాశం వంక చూడకుండా వరసగా నాలుగు రాత్రులు గడిపెయ్యగలడని గంగాభవానికి ఆ మాఘమాసంలో తెలిసింది. తెలియజేసినవాడు సాక్షాత్తూ ఆవిడ అల్లుడు ఉపేంద్ర.

గంగాభవాని ముప్ఫై ఏళ్ళుగా జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతోంది. తెలివితక్కువవాళ్ళని చాలామందిని చూసింది. వాళ్ళంతా పదిహేనేళ్ళ లోపు వాళ్ళు కాబట్టి ఎప్పటికైనా బాగుపడతారని ఆశ ఉండేది. ఉపేంద్రకి ముప్ఫై అయిదు.

కూతురు శ్రీనిధికి ఏడో నెల. పురిటికని ముక్తేశ్వరం వచ్చి నెల దాటింది. భార్యని చూసిపోదామని హైదరాబాదు నుంచి అల్లుడు వచ్చాడు, పది రోజులు ఇక్కణ్ణించే ఆఫీసు పని చేసుకుంటానన్నాడు. మూడు పెట్టెలు దింపాడు. ఒకదాంట్లో బట్టలు. మిగతా రెండింట్లో భార్యకో, పుట్టబోయే బిడ్డకో ఏమైనా తెచ్చాడేమోనని గంగాభవాని ఆశగా చూసింది. వాటిల్లోంచి మూడు కాళ్ళ స్టాండు, దాని మీద కూర్చునే మోటారు, మూరెడు టెలిస్కోపు, దాని వీపుకి బిగించే జానెడు పిల్ల టెలిస్కోపు, రెంటికీ చెరో కెమెరా, అన్నిటి మీదా పెత్తనం చేసే అరచేతంత ఎర్ర డబ్బా ఒకటి బయటికొచ్చాయి. హైదరాబాదులో దీపాల వెలుగుకి ఆకాశం కనపడదట. ఇక్కడ చుట్టూ కొబ్బరితోటలు, మామిడికుదురు వైపు కాస్త గ్యాసు మంట వెలుగు తప్ప ఆకాశమంతా నల్లగా ఉంటుందట. భార్య పుట్టిల్లు అమావాస్యకి పనికొచ్చిందని సంబరపడిపోయాడు.

మొదటి రోజు సాయంత్రం డాబా మధ్యలో ఆ సరంజామా నిలబెట్టి, భార్యనీ అత్తమామల్నీ పైకి పిలిచి ఉపన్యాసం ఇచ్చాడు.

"మీకు అర్థమయ్యేలా చెప్తానండీ అత్తయ్యగారూ. భూమి తిరుగుతుంది కదా..."

"ఆయ్," అంది గంగాభవాని.

"అందుకని నక్షత్రాలు జరిగినట్టు కనిపిస్తాయి. ఈ మోటారు వాటి వెనకాలే తిరుగుతుంది. కానీ మోటారు కూడా కొంచెం కొంచెం తప్పు చేస్తుంది. అందుకని ఈ చిన్న టెలిస్కోపు ఒక గైడ్ నక్షత్రాన్ని పట్టుకుని రెండు సెకన్లకోసారి చూస్తూ ఉంటుంది. అది అటూ ఇటూ జరిగిందా, ఈ డబ్బా మోటారుకి చెప్పి సరిచేస్తుంది. ఒక్కో ఫొటో అయిదు నిమిషాలు తీస్తుందండీ. ఆ అయిదు నిమిషాలూ ఒక్క ఆర్క్ సెకను కూడా కదలకూడదు. ఆర్క్ సెకను అంటే... ఎలా చెప్పాలి... చాలా చిన్నది అనుకోండి."

డిగ్రీలో మూడువేల ఆరువందలవ వంతు అని ఆవిడ ఏటా తొమ్మిదో తరగతికి చెప్పే సంగతే. "ఆయ్, చాలా చిన్నదన్నమాట," అంది.

"గొల్లకావిడి భలే స్పష్టంగా కనిపిస్తోందండీ," అన్నాడు ఆవిడ భర్త సత్యనారాయణమూర్తి, వరసగా ఉన్న మూడు చుక్కల్ని చూపిస్తూ. సంస్కృతం లెక్చరరుగా రిటైరైన మనిషి, మాట కలపడం మర్యాద అనుకుంటాడు.

"అది ఓరియన్ బెల్ట్ అంటారు మావయ్యగారూ. దాని పక్కనే గుర్రం తల ఆకారంలో నల్లటి మేఘం ఒకటుంటుంది. అదే నా టార్గెట్," అని ఉపేంద్ర తూర్పు వైపు చెయ్యి చూపించాడు. అదే క్షణంలో డబ్బా చెప్పిన మాట విని టెలిస్కోపు చక్కగా దక్షిణం వైపు, నడినెత్తికి కాస్త కింద ఉన్న గొల్లకావిడి మీదికి తిరిగి నిలబడింది. పాపం యంత్రానికి దిక్కులు తెలుసు అనుకుంది గంగాభవాని.

దోమలు కుట్టాయి. నక్షత్ర ప్రేమికుడు కిందికి దిగిపోయాడు. డబ్బాకి సొంత వైఫై ఉందట, ఇంట్లో ఎక్కడ కూర్చున్నా టాబ్‌లో అంతా కనిపిస్తుందట. హాల్లో ఉయ్యాల బల్ల ఉంది. ఇంటికొచ్చిన అల్లుణ్ణి దాని మీద కూర్చోబెట్టడం మర్యాద కాబట్టి సత్యనారాయణమూర్తి తన చోటు వదిలి ప్లాస్టిక్ కుర్చీలోకి మారాడు. ఉపేంద్ర ఆ బల్ల మీద చేరగిలబడి, కాలి బొటనవేలితో నేలని తంతూ, ఊగుతూ, టాబ్ చూసుకుంటూ కూర్చున్నాడు. గొలుసులు కిర్రుమంటున్నాయని మొహం చిట్లిస్తే మావగారే స్టూలెక్కి స్లాబు కొక్కేలకి కొబ్బరినూనె రాశాడు.

టాబ్‌లో నీలం గీత ఒకటి, ఎర్ర గీత ఒకటి పక్కపక్కనే నడుస్తున్నాయి. అవి సాపుగా ఉంటే నక్షత్రం కదలనట్టు. అవి సాపుగా లేవు. లేచి పడుతూ, లేచి పడుతూ ఉన్నాయి. అయిదు నిమిషాల తరవాత వచ్చిన ఫొటోలో చుక్కలు గుండ్రంగా లేవు, కోడిగుడ్లలా సాగి ఉన్నాయి.

"ఎవరో డాబా మీద నడుస్తున్నారు," అన్నాడు ఉపేంద్ర.

ఆరేసిన బట్టలు తెస్తానని పనిమనిషి నూకాలమ్మ ఆ వేళకే పైకి వెళ్ళి వచ్చింది. దొరికిపోయింది. "ఏడున్నర దాటాక ఎవరూ డాబా ఎక్కకూడదండీ," అని నియమం వచ్చింది. "అలాగేనండీ బాబూ," అంది నూకాలమ్మ, ఏదో పూజ కాబోలు అనుకుని.

రెండో రాత్రి ఎవరూ డాబా ఎక్కలేదు. గీతలు మాత్రం అలాగే ఎగిరాయి. ఇంట్లో నడిచినా కంపనం గోడల గుండా పైకి పాకుతుందని ఉపేంద్ర తేల్చాడు. ఏడున్నర నుంచి పది దాకా మిక్సీ వెయ్యకూడదు, తలుపులు దబాల్న వెయ్యకూడదు, అటూ ఇటూ తిరగకూడదు. భోజనాలు ఏడింటికే ముగించేశారు. గంగాభవాని కంచాలు తోమడం మానేసి, వంటింట్లో పీట మీద కూర్చుని, తొమ్మిదో తరగతి జవాబు పత్రాలు దిద్దుకుంది. సత్యనారాయణమూర్తి కుర్చీలో బిగుసుకుపోయి, దగ్గొస్తే ఉత్తరీయం నోట్లో కుక్కుకున్నాడు. ఇంట్లో హాయిగా కదిలే ప్రాణి ఒక్కటే, ఉయ్యాల మీద ఉన్నది.

"ఇదేం తద్దినం అండీ మనకి?" అంది గంగాభవాని ఆ రాత్రి పడుకోబోతూ.

"ఊరుకోవే. ఎంతైనా అల్లుడు. పది రోజులు."

"పది రోజులు అమ్మాయి నడవకుండా ఎలా?"

అదీ అసలు సంగతి. శ్రీనిధికి షుగరు వచ్చింది. గర్భిణులకి వచ్చే షుగరే, భయపడక్కర్లేదు గానీ రాత్రి భోజనం కాగానే ముప్పావుగంట నడిచి తీరాలని అమలాపురం డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. వచ్చే సోమవారం పరీక్షలో తగ్గకపోతే ఇన్సులిన్ మొదలుపెడతానంది. సూదులంటే శ్రీనిధికి చిన్నప్పట్నుంచీ వణుకు. వీధిలో కుక్కలు, పెరట్లో కొబ్బరికాయల రాశులు, చీకట్లో పురుగూ పుట్రా. నడవడానికి ఆ పిల్లకి ఉన్నది ఒక్క డాబానే. నెల రోజులుగా రోజూ నడిచి అంకెలు కిందికి దింపుకుంటూ వస్తోంది.

మూడో రాత్రి ఎవరూ కదలకపోయినా గీతలు ఎగిరాయి. ఉపేంద్ర టాబ్ ఒళ్ళో పెట్టుకుని, చికాకు కొద్దీ ఇంకా గట్టిగా ఊగుతూ, గదిలోకి చూసి కేకేశాడు.

"నిధీ! నువ్వు కదిలావా?"

"మంచం మీదే ఉన్నానండీ."

"పక్కకి తిరిగావా? చూడు, నీ బరువు ఇప్పుడు మామూలు బరువు కాదు. నువ్వు పక్కకి తిరిగినా స్లాబు ఫీలవుతుంది."

గంగాభవాని వంటింట్లో ఎర్ర పెన్ను మూత పెట్టేసింది. బిడ్డని మోస్తున్న మనిషి మంచం మీద ఒత్తిగిలితే డాబా కదిలిందట! ఈ లెక్క తన క్లాసులో ఆఖరి బెంచీ వాడు వేసినా కొట్టేసి సున్నా పెట్టి, తల్లిదండ్రుల్ని పిలిపించి ఉండేది. వీడి తల్లిదండ్రులు వీణ్ణి ఇంజనీరు అని చెప్పుకుని తిరుగుతున్నారు. అయినా లేచి వెళ్ళి ఏమంది? "ఇంకాస్త పాలు తాగుతారా అల్లుడుగారూ?" అంది.

నాలుగో రాత్రి ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. హాల్లో సిగ్నలు సరిగా లేదని ఉపేంద్ర టాబ్‌ని బల్ల మీదే వదిలేసి వీధి అరుగు మీదికి వెళ్ళాడు. అతనికి నడిచే హక్కు ఉంది. గంగాభవాని పాలగ్లాసు తీసుకుపోదామని మునివేళ్ళ మీద వచ్చింది. సత్యనారాయణమూర్తి కుర్చీలో కునికిపాట్లు పడుతున్నాడు. ఉయ్యాల ఇంకా కొద్దికొద్దిగా ఊగుతోంది. గ్లాసు తియ్యబోతూ టాబ్ వంక చూసింది.

గీతలు ఎగురుతున్నాయి. ఉయ్యాల నెమ్మదించింది, గీతలు కాస్త తగ్గాయి. ఉయ్యాల ఆగింది. మరో అరనిమిషానికి నీలం గీతా, ఎర్ర గీతా స్కేలు పెట్టి గీసినట్టు సాపుగా సాగిపోయాయి.

ముప్ఫై ఏళ్ళు గ్రాఫులు గీయించిన మనిషికి అంతకంటే ఏం కావాలి? తలెత్తి చూసింది. గొలుసులు స్లాబుకి వేలాడుతున్నాయి. ఆ స్లాబు మీదే, సరిగ్గా పైన, మూడు కాళ్ళ స్టాండు. అయినా ఒక్కసారి చూసి తీర్మానం చెయ్యకూడదని పిల్లలకి చెప్పేది తనే కదా. బల్ల మీద కూర్చుంది. బొటనవేలితో నేలని తట్టింది. గీతలు లేచాయి. ఆపింది, పడుకున్నాయి. మళ్ళీ తట్టింది, లేచాయి. మూడోసారి కూడా చూసుకుని దిగింది.

ఆవిడకి ప్రాణం లేచొచ్చినంత హాయిగా అనిపించింది. నాలుగు రోజులుగా ఇంటిల్లిపాదినీ బొమ్మల్లా కూర్చోబెట్టి, పాపం ఆ ఎర్ర డబ్బా రెండు సెకన్లకోసారి దిద్దుతున్నది ఈయనగారి ఊగులాటని! నక్షత్రాల జాతకం చెప్పే యంత్రాన్ని కొనుక్కున్నాడు, కింద తన కాలు ఏం చేస్తోందో తెలుసుకోలేకపోయాడు. ఈ మాట అందరి ముందూ ఎప్పుడు, ఎలా అనాలో ఆవిడ అప్పుడే రుచి చూసుకుంటోంది. ముందు కూతురికి చెప్పాలి.

శ్రీనిధి గదిలో మంచం మీద గోడకి ఆనుకుని, కాళ్ళు చాపుకుని, చేతులు పొట్ట మీద పెట్టుకుని ఉంది. పుస్తకం లేదు, ఫోను లేదు. ఊరికే కూర్చుంది. పాదాలు వాచి ఉన్నాయి. గంగాభవాని పక్కన కూర్చుని చెవిలో గబగబా అంతా చెప్పింది. నవ్వుతుందనుకుంది.

"తెలుసమ్మా," అంది శ్రీనిధి.

"ఏవిటి తెలుసు?"

"ఉయ్యాల వల్లేనని. మొన్నే తెలిసింది. ఆయన మంచినీళ్ళకి లేచినప్పుడల్లా గీత ఎగరడం ఆగిపోయేది. ఇక్కణ్ణించి బల్ల మీది టాబ్ కనపడుతుంది కదా."

"తెలిసి... తెలిసి కూర్చున్నావుటే? చెప్పొచ్చు కదా!"

"చెప్తే ముందు నవ్వుతారు. తరవాత నాకెందుకు అర్థం కాదో పది నిమిషాలు చెప్తారు. నేనన్నదే నిజమని తేలితే రెండు రోజులు మాట్లాడరు. ఆ రెండు రోజుల కంటే ఈ రెండున్నర గంటలు కూర్చోడం తేలికమ్మా. పెళ్ళై నాలుగేళ్ళయింది కదా, ఏది తేలికో నాకు వెంటనే తెలిసిపోతుంది."

"నడవకపోతే సూదులు పొడుస్తారే!"

"పొడిస్తే పొడిపించుకుంటాను."

సూది పేరెత్తితే పెరట్లోకి పారిపోయిన పిల్ల ఈ మాటంది. చల్లగా, కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు అంది. గంగాభవానికి ఏడుపొచ్చింది, దాని వెనకాలే కోపం వచ్చింది.

"ఇంత చేతకానిదానివి ఎప్పుడయ్యేవే? నేనిలా పెంచేనా నిన్ను?"

శ్రీనిధి తల్లి మొహంలోకి చూసింది. "నీకు ఆర్క్ సెకనంటే ఏవిటో ఆయన చెప్తుంటే, నువ్వు ఆయ్ అన్నావు కదమ్మా. నేను పక్కనే ఉన్నాను."

గంగాభవాని మనసులో లెక్క వేసుకుంది. నాలుగు రోజులుగా తను ఈ అల్లుణ్ణి కడుపులో ఎన్ని మాటలంది! ఒక్కటైనా పెదవి దాటిందా? దాటినవన్నీ పాలు, కాఫీ, ఆయ్, అలాగేనండీ. ఆవిడ అంత గొప్ప చిన్నచూపూ ఎవరికీ పనికిరాకుండా కడుపులోనే అరిగిపోయింది. కూతురు చూసి నేర్చుకున్నది బయటికి వినిపించినదాన్నే. ఉపేంద్ర మీద పెంచుకున్న అసహ్యంలో సగం తన మీదికే తిరిగేసరికి ఆవిడకి నిజంగా సిగ్గేసింది.

హాల్లోంచి కేక వినిపించింది. "మళ్ళీ ఎవరు కదిలేరండీ?"

ఉపేంద్ర తిరిగి వచ్చి బల్ల మీద కూర్చుని, ఊగుతున్నాడు. గంగాభవాని మామూలుగా, మడమలు ఆనించి నడుస్తూ వెళ్ళి గొలుసు పట్టుకుంది. ఉయ్యాల కుదుపుతో ఆగింది.

"అల్లుడుగారూ, కాళ్ళు కింద పెట్టి కాసేపు అలాగే ఉండండి. టాబ్ చూడండి."

"ఏవిటండీ?"

"చూడండి."

గంగాభవాని గొంతులో అలాంటి స్వరం తొమ్మిదో తరగతి వాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. సత్యనారాయణమూర్తి కంగారుగా కుర్చీలోంచి సగం లేచాడు. ఉపేంద్ర చూశాడు. గీతలు సాపు అయ్యాయి. ఆవిడ గొలుసు పట్టుకునే బల్లని ఊపింది, గీతలు లేచాయి. ఆపింది, పడుకున్నాయి.

"నాలుగు రోజుల నుంచీ మీ నక్షత్రాన్ని కదిపింది మీరేనండీ. మా అమ్మాయి కాదు, నూకాలమ్మ కాదు, ఈయన దగ్గు కాదు. మీరు ఊగడం వల్ల."

ఉపేంద్ర మొహం ఎర్రబడింది. టాబ్ అటూ ఇటూ తిప్పాడు. కాసేపటికి తేరుకున్నాడు. అలాంటివాళ్ళు ఎప్పుడూ తేరుకుంటారు.

"అంటే మీ స్లాబే వీక్ అండీ. పాతకాలం కట్టడం. ఉయ్యాలకే ఊగే ఇంట్లో గైడింగ్ ఎలా కుదురుతుంది? నాకు ముందే చెప్పి ఉండాల్సింది." బల్ల దిగి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి లాక్కుని కూర్చున్నాడు. "సరే, నేనిక్కడ కూర్చుంటాను. ఇప్పుడు గీత బాగుంది. పదింటి దాకా ఎవరూ కదలకండి. అయిదు నిమిషాల ఫ్రేమ్ మొదలైంది."

"అలాగేనండీ," అనేశాడు సత్యనారాయణమూర్తి అలవాటుగా.

గది గుమ్మంలో శ్రీనిధి నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో, ఎంత విన్నదో తెలియదు. తల్లి చెయ్యి ఇంకా గొలుసు మీదే ఉండటం చూసింది. మొగుడి వంక చూసింది. చెంగు నడుముకి దోపుకుని, హాలు దాటి మెట్ల వైపు నడిచింది.

"ఎక్కడికి?" అన్నాడు ఉపేంద్ర.

"నడవడానికండీ."

"ఫ్రేమ్ రన్ అవుతోందంటే!"

"వినపడిందండీ," అని శ్రీనిధి మెట్లెక్కింది. మెట్ల రెయిలింగు పట్టుకుంటూ, ఒక్కో మెట్టు మీదా ఆగుతూ, తొందర లేకుండా ఎక్కింది.

టాబ్‌లో నీలం గీత నిలువునా లేచింది. ఎర్ర గీత దాని వెనకాలే. అడుగు, అడుగు, ఇంకో అడుగు. డబ్బా దిద్దబోయింది, దిద్దలేకపోయింది. గైడ్ నక్షత్రం తప్పిపోయిందని టాబ్ కీచుమంది. ఉపేంద్ర లేచాడు, మెట్ల దాకా వెళ్ళాడు, వెనక్కొచ్చాడు. ఏం చెయ్యాలో తోచక ఇంట్లో పెద్దల వంక చూశాడు.

"అత్తయ్యగారూ, ఆవిడకి మీరైనా చెప్పండి. మీరు చెప్తే వింటుంది."

"చెప్పనండీ," అంది గంగాభవాని.

ఆవిడ ఉయ్యాల బల్ల మీద కూర్చోలేదు. కుర్చీ దగ్గర పడి ఉన్న టాబ్ తీసి చేతిలో పట్టుకుని, నిలబడే చూస్తూ, పైన కూతురి అడుగులు లెక్కపెట్టింది. ఇటు చివరి దాకా పద్దెనిమిది అడుగులు, తిరిగి వెనక్కి పద్దెనిమిది. ముప్పావుగంటకి ఇంకా నలభై నిమిషాలు ఉంది.